పిడికెడు బియ్యపు డబ్బా ఆత్మకథ

ఆత్మకథలు వ్రాసికొనుటకు మహాపురుషులే అర్హులని లోకమున నొక అభిప్రాయము కలదు. కాని వారి గ్రంథములలో సభలును, యాత్రలును, కారాగారవాసములును కనిపించునేగాని, ఆ మహాపురుషుల యింట ఆ దినములలో ఎసరెవరు పెట్టిరో, పిల్లలకు తలంటి యెవరు పోసిరో మచ్చునకైనను కానరాదు. కనుక వంటింటి గూటిలో కాలము గడపిన నావంటి వస్తువొకటి నోరు విప్పుట అపరాధము కాదని తలంచుచున్నాను.

నేను డాల్డా డబ్బాను. పసుపుపచ్చని దేహము, దానిపై ఆకుపచ్చని తాళవృక్షము: ఇది నా రూపము. మా వంశము ఈ దేశమున 1937లో వెలసినది. నూనెను గడ్డకట్టించి నేతికి మాఱుగా అమ్ముటకై పుట్టినవారము గనుక పెద్దలు మమ్ములను కొంత చిన్నచూపు చూచిన మాట వాస్తవమే. అయినను లోపలి సరకు తీరిన తరువాతనే మా అసలు జీవితము ప్రారంభమగును. ఖాళీ డాల్డా డబ్బాను పాఱవేసిన తెలుగు ఇల్లాలు ఇంతవఱకు పుట్టలేదని ఘంటాపథముగా చెప్పగలను. నా తోబుట్టువులలో కొందఱు ఉప్పునకును, కొందఱు బెల్లమునకును కుదురుకొనిరి; దురదృష్టవంతులు కొందఱు చెంబునకు బదులుగా తెల్లవాఱుజామున చెఱువుగట్టునకు పోవలసినవారైరి. కోడలమ్మ కాపురమునకు వచ్చిన యేడు పెండ్లి పిండివంటలకై ఈ యింట అడుగిడిన నాకు, అదివఱకు ఆ పనిలోనుండిన మట్టికుండను పిల్లి పడద్రోయుటచేత, దేవుని బియ్యము దక్కినది.

ఆ బియ్యము సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మా ఊరు డోర్నకల్ జంక్షనునకు నడచి చేరదగిన దూరమున నున్న చిన్న పల్లె. కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలు కూత గాలి అనుకూలించిన రాత్రులలో మా గూటివఱకు వినవచ్చును. తిరునెల్వేలి సీమలో జన్మించి, తెలుగు నేర్చి, 1912లో భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికను బిషపుగా అభిషిక్తులై, 1945లో పరమపదించు వఱకు ఈ డోర్నకల్ కేంద్రముగా పల్లెపల్లెకును తిరిగిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, సంఘము పరదేశపు ధనముమీద గాక తన చేతి కష్టముమీద నిలువవలెనని బోధించిరి. రూపాయి మొగము అరుదుగా చూచు కూలివారి సంఘమునకు అది యెట్లు సాధ్యమగును? ఉపాయము పొయ్యిమీదనే యున్నది. పూటపూటకు బియ్యము కొలిచి చేటలో పోసికొని, ఎసటిలో వేయకమునుపే అందుండి ఒక పిడికెడు తీసి వేఱుంచవలెను. ఆదివారమున దానిని గుడికి కొనిపోవలెను. మిజో కొండలలో 1910 నుండియే ఈ యాచారము సాగుచున్నదని విన్నాను. అచ్చటి నా బంధువులు ఏ రూపమున నున్నారో తెలిసికొనవలెనని నాకు కుతూహలము. తిని మిగిలినది ఎవరైనను ఇత్తురు. వండకముందే తమ పాలు తగ్గించుకొనుటలో దీని కీలకమున్నది. వరియన్నము పండుగమాటగా నుండిన యేండ్లలో నాలో జొన్నలును పడినవి. పిడికిలి చిన్నదైన దినములు కలవు గాని తప్పిన దినము లేదు. ఏలయన పొయ్యి రాజుకొనునప్పటికి వసారాలోని నులకమంచము మీదనుండి అత్తగారి ప్రశ్న ఎప్పుడును సిద్ధముగా నుండును:

“బిడ్డా, దేవుని బియ్యం తీసినవా?”

“తీసిన, అత్తమ్మా.”

నేను కోడలమ్మను ఆమె ముఖము చూచి యెఱుగను, పిడికిలి చూచి యెఱుగుదును. కోపముగా నున్న పూట గింజలు నా అడుగున వడగండ్లవలె మ్రోగును. చంటిపిల్లకు జ్వరము తగిలిన పూట వ్రేళ్ళ సందులనుండి సగము నేలపాలై, ఆమె మరల వంగి ఒక్కొక్క గింజయే యేరి నాలో వేయును. ఏ ప్రార్థనాకూటమునకును ఈ పని తక్కువది కాదని నా తీర్పు.

ఇక 1957వ సంవత్సరపు శ్రమల వారము సంగతి. ఆ యేడు పునరుత్థాన పండుగ ఆలస్యముగా, ఏప్రిల్ 21న వచ్చుటచేత, ఎండలును, చింతపండు పనియు, పిల్లల పరీక్షలును, ఏప్రిల్ 1 నుండి కొత్తగా చెలామణిలోనికి వచ్చిన నయాపైసల గందరగోళమును అన్నియు ఆ వారము నెత్తికెక్కినవి. ఇవి చాలవన్నట్లు పెరటిలో బఱ్ఱె నెలలు నిండియున్నది. మా యజమాని సంఘపెద్ద. కోడలమ్మ స్త్రీల సమాజమునకు బియ్యము కొలిచి పద్దు చెప్పు మనిషి. ఆయన సంఘపెద్దఱికము గుడి వాకిట మొదలై గుడి వాకిటనే ముగియును; ఆమె సంఘసేవ మాత్రము పొయ్యి దగ్గఱనుండి బావి వఱకును, బావినుండి బొందలగడ్డ వఱకును వ్యాపించియుండును.

మట్టల ఆదివారమునాడు పిల్లలు ఈతమట్టలు పట్టి పాడుచు ఊరేగివచ్చిరి. చిన్నవాడు నా యెదుట నిలిచి నా వక్షస్థలమునందలి చెట్టును వ్రేలితో తడవి, “అమ్మా, ఈ మట్టలు కూడ యేసుసామికేనా?” అని యడిగినాడు. “ఔ బిడ్డా, ముందుగాల కాళ్ళు కడుక్కొని రా,” అని ఆమె జవాబు. వేదాంతమునకును శుభ్రతకును ఒక్క వాక్యముననే చోటు చూపిన ఆమె నేర్పునకు నేను అబ్బురపడితిని.

ఆ రాత్రియే పిడుగు పడినది. శుభశుక్రవారమున సిలువపై పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరించుట మా గుడిలో ఆచారము. ఆ యేడు మూడవ మాట, అనగా తల్లిని శిష్యునకప్పగించిన మాట, స్త్రీల సమాజమునకు పాదిరి అయ్యగారు కేటాయించిరి.

“అయ్యగారు నీ పేరే చెప్పిండ్రు. మూడో మాట నువ్వే చెప్పాలె,” అని యజమాని భోజనము చేయుచు సెలవిచ్చినాడు.

“నాతోని యాడ అయితది? చింతపండెవరు కొడ్తరు?”

“గదీ చెయ్యి, గిదీ చెయ్యి,” అని ఆయన చేయి కడిగికొని లేచిపోయినాడు. సంఘమునందలి సమస్యలను ఆయన ఇంత సులభముగా పరిష్కరింపగలరని నేను అదివఱకు ఎఱుగను.

సోమ మంగళ వారములు చెప్పదగినంత విశేషములు కావు: నీరు దిగిపోయిన బావి, ఉతుకు, మంగళవారము రాత్రి మా యింటనే కుటీర ప్రార్థన, వచ్చినవారికందఱకు చాయ. బుధవారమునాడు మాత్రము నేనొక వింత చూచితిని. మధ్యాహ్నము వంటింటి నేలపై గోనెపట్టా పఱచి, చింతకాయలు గుట్టగా పోసి, ఒక రాతిమీద పెట్టి కొట్టి పెంకు రాల్చి, ఈనెలు లాగి, గింజ నొక్కి తీయుచు, ఆమె నా వైపు తిరిగి ప్రసంగము మొదలుపెట్టినది. స్త్రీలకు వాక్యము బోధించు బైబిలమ్మ నడిపిన రాత్రిబడిలో అక్షరములు నేర్చిన మనిషి గనుక యోహాను సువార్త పందొమ్మిదవ అధ్యాయము పీటమీద తెఱచియుండెను. పుటలు చింతపండు వ్రేళ్ళకు అంటుకొనకుండుటకై మోచేతితో త్రిప్పుచుండెను. నేనే సభ, నేనే సంఘము. మొదట గొంతు పెగలలేదు. పిమ్మట అన్నమాటలివి: సామి సిలువమీద లోకాన్నంత మోస్తున్నడు, ఊపిరాడుత లేదు, అయినా అమ్మకు రేపటి బువ్వ యెవరు పెడ్తరని యాది చేసిండు, లోకాన్ని రక్షించే పని యెంత పెద్దదైనా యింటి పని వదలలే, మరి ఆ రెండు పనులు వేఱువేఱని మనకెవరు చెప్పిండ్రు? ఇంత చెప్పి, తానేమి పలికెనో తనకే భయము తోచినట్లు ఆగి, ఒక గింజను రెండుమాఱులు నొక్కి చూచి, “గిట్ల చెప్తె అయ్యగారు కోపం జేస్తరో యేమో,” అని గొణుగుకొన్నది. గొప్ప గొప్ప ప్రసంగములు నేను వినలేదు; గుడిలో నన్ను గుమ్మరించి బోర్లించిన పిమ్మట నాకు వినికిడి తక్కువ. కాని ఆ మాటకు సమానమైన మాట మరల నా చెవిని పడలేదు.

గురువారము ప్రభురాత్రి భోజనము. గుడి బల్లగుడ్డలను ఉతికి, నీలిమందు పెట్టి, ఆ పూట మా యింటి అన్నము వార్చిన గంజిలోనే ముంచి ఆఱవేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత నలగకుండ రుద్ది పంపినది. సాయంకాలము తానును స్నానము చేసి తెల్లచీర కట్టి వాకిట అడుగు పెట్టునంతలో బఱ్ఱె అరచినది. గుడిలో గంట మ్రోగుచుండగా ఆమె కొంగు నడుమునకు బిగించి కొట్టమునకు నడచినది. దూడ దిగి, మాయ పడి, ఆమె చేతులు కడిగికొనునప్పటికి ఆరాధన ముగిసి జనము ఇండ్లకు మరలుచుండిరి. ఆ రాత్రి ఆమెకు రొట్టెయు ద్రాక్షారసమును అందలేదు. తెలతెలవాఱగనే పితికిన జున్నుపాలను, ఉపవాసపు దినము తమ యింట వండరాదు గనుకను, అవి నిలువయుండవు గనుకను, చెంబులలో పోసి, పక్కనున్న గొల్లవారింటికిని దర్జీ సాయిబుగారింటికిని పంపినది. చిన్నవాడు ఆ చెంబుల వెంట వీధి మలుపు వఱకు కన్నీళ్ళతో నడచివచ్చినాడని వినికిడి.

శుభశుక్రవారమున పెద్దలకు మూడు గంటల వఱకు ఉపవాసము. పొయ్యిమీద పిల్లలకు మాత్రము జావ కాగినది. ఎసరు లేని పూట నాకు పని లేదని నేను నిశ్చింతగా నుంటిని. కాని ఆమె ముగ్గురు పెద్దలును ఆ పూట తినవలసిన బియ్యము కొలిచి, పిడికెడు గాక కొలతకు కొలతయంతయు నాలో పోసి మూత పెట్టినది. మూడవ మాట ఎట్లు సాగెనో అత్తగారి నోటనే వింటిని: “గొంతు వణికింది గాని మాట వణకలె. అయ్యగారు తల వంచుకొని విన్నరు.” 1939లో డోర్నకల్ కతెడ్రలు ప్రతిష్ఠను ఆ గుంపులో నిలిచి చూచి, ఆ గుమ్మటములలో తన పిడికిళ్ళు కూడ కొన్ని యున్నవని దృఢముగా విశ్వసించు ఆ వృద్ధురాలి మెప్పు సులభముగా లభించునది కాదు.

శనివారము బొందలగడ్డలో మామగారి సమాధికి సున్నము, ఆదివారము కోడి కూయకమునుపే అచ్చట క్రొవ్వొత్తులు, పాటలు, పిమ్మట గుడి. మెడవఱకు నిండి కోడలమ్మ చంకనెక్కి నేనును వెడలితిని. స్త్రీలు వరుసగా వచ్చి తమతమ కుండలను, గిన్నెలను, డబ్బాలను పెద్దగంపలో గుమ్మరించిరి. సన్నబియ్యము, దొడ్డుబియ్యము, దంపుడుబియ్యము, నూకలు, జొన్నలు అన్నియు ఏకమైన ఆ రాశిలో ఏ గింజ ఎవరిదో దేవునికే తెలియవలెను. కానుకలు లెక్కించుచోట మాత్రము పెద్ద రభస జరిగినది. అణాకు ఆఱుంబావు నయాపైసలు గదా, ఆ పావును ఏమి చేయవలెనని నలుగురు పురుషులు తలలు పట్టుకొనియుండగా, కోడలమ్మ అణాలను నాలుగేసి చొప్పున పేర్చి, ప్రతి దొంతికి ఇరువదియైదు నయాపైసలని తేల్చివేసినది.

తరువాత బియ్యము వేలము పాడిరి. పండుగ చుట్టములతో ఇల్లు నిండి, ఇంట కొలత తఱిగిపోయినందున మా యజమానియే హెచ్చుపాట పాడి ఒక పాలు కొనినాడు. వారమంతయు ఆమె తన పూటలలోనుండి తీసిన గింజలలో కొన్నియైనను ఆ విధముగా మరల ఆమె పొయ్యి మీదికే వచ్చి, కోడికూరతో కూడ చుట్టములకు వడ్డింపబడినవి. సంఘపు పద్దులో ఆ మొత్తము ఆయన పేరున జమ పడినది. “స్త్రీల సమాజము, బియ్యము” అను చోట కొలత వ్రాసిరి గాని కొలిచినవారి పేరు వ్రాయు గడి ఆ పుస్తకమునకు లేదు. అజరయ్యగారి పేరెఱిగిన వేలమందిలో, గ్రామ స్త్రీల నడుమ పని చేసిన ఆయన భార్య అన్బు అమ్మగారి పేరెఱిగినవారెందఱు? పుస్తకములకు గీతలు పురుషులే గీయునంతకాలము ఇట్లే యుండునని నాకు తోచుచున్నది.

సంఘపు పెద్దలారా, వచ్చు యేడు కమిటీకి పేర్లు వ్రాయునప్పుడు ఎవరిదో ఒకరి పేరు వ్రాయక తప్పదు గదా. అణాలను నయాపైసలుగా మార్చినది, మూడవ మాట చెప్పినది, మీ బల్లగుడ్డలకు గంజి పెట్టినది ఒక్క మనిషియే. ఆమె యిల్లు గుడికి తూర్పున, చింతచెట్టు ప్రక్కన నున్నది. పోయి ఆమెను అడుగుడు.