లైనక్స్ అన్న

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ, ప్రతి ఇంజనీరింగ్ హాస్టల్లోనూ ఒక లైనక్స్ అన్న ఉంటాడు. ఆయనకి జీతం ఇచ్చేది వేరే పనికి, ఆయన చేసేది మాత్రం ఇది. ఉబుంటులో ఏదో ఇన్‌స్టాల్ చేయబోయిన కుర్రాడు 'అన్‌మెట్ డిపెండెన్సీస్' అన్న ఎర్రర్ చూసి తెల్లమొహం వేస్తే చాలు, పిలవని పేరంటంగా కుర్చీ లాక్కుని పక్కన చేరతాడు.

"ఏం చేశావ్ తమ్ముడూ?"

"ఏం చెయ్యలేదన్నా. పాత విండోస్ గేమ్ ఒకటి ఆడదామని వైన్ పెడుతున్నా."

"ఏం చెయ్యకుండానే 'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అంటుందా?"

ఇక అసలు పని పక్కకెళ్ళి పురాణం మొదలవుతుంది. ఉబుంటుకి మూలమైన డెబియన్ 1993లో పుట్టిందని, ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ 1998లో వచ్చిందని, అంతకుముందు ఒక్కో డెబ్ ఫైలూ చేత్తో తెచ్చుకుని పెట్టుకునేవాళ్ళమని చెబుతాడు. 1998లో ఆయన మూడో తరగతి. మధ్యలో 'ఆప్ట్ మూ' అని కొట్టి, తెరమీద అక్షరాల ఆవును ప్రత్యక్షం చేస్తాడు. కుర్రాడు దణ్ణం పెట్టేదాకా దాన్ని చెరపడు.

2021లో ఒక యూట్యూబర్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ పెట్టబోయి డెస్క్‌టాప్ మొత్తం ఊడగొట్టుకున్న ఘట్టం వచ్చేసరికి గొంతు పెంచుతాడు. "'యెస్, డూ యాజ్ ఐ సే' అని టైప్ చెయ్యమంది, చేశాడు! పైన ఏమేం తీసేస్తానందో చదవొద్దూ?" ఇంత చెప్పే అన్న, కంపెనీవాళ్ళిచ్చిన ఆఫర్ లెటర్ చదవకుండానే సంతకం పెట్టినవాడు.

"ఫ్లాట్‌ప్యాక్‌లో అయితే ఈ గొడవలుండవటగా అన్నా?" అని కుర్రాడు నోరు జారితే అన్న మొహం మాడిపోతుంది. "కావాల్సిన లైబ్రరీలన్నీ మూట కట్టుకొస్తుంది. నీ డిస్క్ ఏమైపోవాలి?" ఆయన డిస్కులో మటుకు ఐదు డిస్ట్రోలున్నాయి, ఒక్కదాంట్లోనూ పని జరగదు.

అలాగని అన్నకు విద్య రాదనుకునేరు. చివరికి 'ఆప్ట్-క్యాష్ పాలసీ' అని కొడతాడు, కళ్ళజోడు పైకి తోస్తాడు, దొంగను పట్టేస్తాడు. కుర్రాడు పెడుతున్న వైన్‌కి 32-బిట్ లైబ్రరీలు కావాలి. ఒకే లైబ్రరీ 64-బిట్‌లో, 32-బిట్‌లో రెండూ ఉండాలంటే, సంక్రాంతికి తోడల్లుళ్ళకు పెట్టే బట్టల్లా ఒకే తానులోవి కావాలి, నూలుపోగు తేడా వచ్చినా అలకే. కుర్రాడు ఎప్పుడో పీహెచ్‌పీ కోసం కలిపిన పీపీఏ అనే బయటి రిపో ఒకటి 64-బిట్ లైబ్రరీని కొత్త వెర్షన్‌కి ఎక్కించేసింది. దానికి జోడీగా 32-బిట్‌ది ఆ పీపీఏలో లేనేలేదు. ఉబుంటు రిపోలో ఉన్నది పాత వెర్షన్. ఆప్ట్ మాత్రం ఏం చేస్తుంది?

'పీపీఏ-పర్జ్' అని ఒక్క లైను కొడితే ఆ లైబ్రరీ బుద్ధిగా ఉబుంటు వెర్షన్‌కి దిగొచ్చింది. వైన్ గప్‌చుప్‌గా ఎక్కేసింది.

"అయిపోయిందా అన్నా!"

"ఆఁ, అయిపోయింది," అన్నాడు అన్న, దగ్గరి బంధువు పోయినంత దిగులుగా. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. తెరంతా ఒకసారి కలియజూశాడు. ఎక్కడా ఎర్రర్ లేదు. గొంతులో తేనె కలిపి అడిగాడు:

"గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి ఎన్నాళ్ళయింది తమ్ముడూ?"