ఎల్‌ఏ ట్రిప్పు: చాండ్లర్ సీనియర్ చెప్పే తిరుగులేని చిట్కాలు

చాండ్లర్‌లో అద్దెకుంటూ టెంపేలో ఎంఎస్ చదివే పిల్లలకి నవంబరు రాగానే ఒకటే జబ్బు పట్టుకుంటుంది. థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజులు సెలవు, లాస్ ఏంజెలస్ పోదాం. పక్కనే ఫీనిక్స్ ఉంది కదా, జనాభాలో దేశంలోనే అయిదో పెద్ద నగరం, అది చూశారా అని అడిగేవాళ్లు వట్టి అరసికులు. ఫీనిక్స్ ఉన్నది విమానం దిగడానికీ, ఎవరినైనా విమానం ఎక్కించడానికీ. చూడ్డానికి ఎల్‌ఏ ఉంది. ఏటా కొత్త బ్యాచ్ వచ్చి "అన్నా, ఎట్లా ప్లాన్ చేయమంటావ్?" అని అడుగుతూనే ఉంటుంది కాబట్టి నా సలహాలన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. వీటిని తు.చ. తప్పకుండా పాటించినవాళ్లెవరూ మళ్లీ సలహా కోసం నా దగ్గరికి రాలేదు. ఇక అవసరం పడలేదన్నమాట.

ముందు వాట్సాప్ గ్రూపు. దానికి పేరు పెట్టడానికి ఒక వారం, డీపీ మార్చడానికి ఇంకో వారం తీసుకోండి. బండి, హోటలు, డబ్బులు లాంటి చిల్లర విషయాలు బుధవారం రాత్రికి వదిలేయండి. గ్రూపులో "నాకేదైనా ఓకే మామా" అని పెట్టే మనిషిని మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి. బయల్దేరాక దేనికీ ఓకే అననిది ఆ మనిషే. అలాంటివాళ్లు లేకపోతే అంత దూరం కారులో ఏం మాట్లాడుకుంటారు?

బండి ఏడు సీట్లది తీసుకుని తొమ్మిదిమంది ఎక్కండి. మన ఊళ్లో షేర్ ఆటో ఎక్కినవాళ్లకి ఇది విలాసం కిందే లెక్క. పాతికేళ్లు నిండనివాళ్లు నడిపితే అద్దె కంపెనీలు రోజుకింతని అదనంగా లాగుతాయి. దానికో విరుగుడుంది. ఇండియాలో మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన అన్న ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. కాగితాల మీద ఆయన పేరొక్కటే రాయించి, స్టీరింగ్ మాత్రం అందరూ వంతులేసుకోండి. పేరు లేనివాడు నడుపుతుండగా బండికి ఏమన్నా అయితే ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేస్తారు. ఎత్తేయనివ్వండి. పోయేది ఒక్కడి క్రెడిట్ హిస్టరీ, మిగతా ఎనిమిదిమందిదీ పదిలం.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలని అనుకోండి. అనుకోవడం ముఖ్యం. నాలుగింటికి ఒకడు లేస్తాడు, ఆరింటికి ఇంకొకడు, ఎనిమిదింటికి వేడినీళ్లు అయిపోతాయి, పదింటికి బండి కదులుతుంది. చాండ్లర్ నుంచి దాదాపు 390 మైళ్లు. ఎక్కడా ఆగకపోతే ఆరు గంటలు. అరిజోనాలో గడియారాలు మార్చరు కాబట్టి చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే గంట వెనక ఉంటుంది. ఊరికే వచ్చిన ఆ గంటను చూసుకుని దారిలో మూడు గంటలు ఖర్చుపెట్టండి. నవంబరు చివర్లో అక్కడ అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే మధ్యాహ్నమంతా పడమటి ఎండ డ్రైవరు కళ్లలో కొట్టి, ఊరు చేరేసరికి చీకటి పడుతుంది. మొదటిరోజు చూడాల్సినవన్నీ ఇలా ఒక్కదెబ్బకి రద్దయిపోతాయి. ఎంత విశ్రాంతి!

చాండ్లర్ నుంచి సౌత్ మౌంటెన్ వెనకగా తీసుకెళ్లి ఐ-10లో కలిపే ఫ్రీవేని 2019 డిసెంబరులో తెరిచారు. దాని మీద పోతే డౌన్‌టౌన్ రద్దీ మొత్తం తప్పుతుంది. తప్పించుకోకండి. ఫీనిక్స్‌ని చూసే భాగ్యం మీకదొక్కటే, అదీ సొరంగంలోంచి.

ఐ-10 మీద రెండు గంటలు పోయాక క్వార్ట్జ్‌సైట్ అనే ఎడారి ఊరొస్తుంది. అక్కడ బాత్రూమ్‌కి తప్ప దేనికీ ఆగొద్దు. ఊరి శ్మశానంలో రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, దాని నెత్తిన లోహపు ఒంటె బొమ్మ ఉంటాయి. అది హై జాలీ సమాధి. అసలు పేరు హాజీ అలీ, సిరియావాడు. ఎడారిలో సామాను మోయడానికి ఒంటెలు పనికొస్తాయేమోనని అమెరికా సైన్యానికి ఆలోచన వచ్చి, 1856లో ఒంటెల్నీ, వాటితోపాటు వాటిని మేపడం తెలిసినవాళ్లనీ ఓడలో టెక్సస్‌కి దింపింది. తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, పథకం అటకెక్కింది, ఒంటెల్ని అమ్మేశారు. స్కిల్ ఉందని పిలిపించి, ప్రాజెక్టు క్యాన్సిలయ్యాక బెంచి మీద వదిలేసిన కన్సల్టెంట్లలో ఈయనే ఆద్యుడేమో. వెనక్కి పోలేదు. బంగారం కోసం తవ్వాడు, సైన్యానికి సామాను తోలాడు, 1880లో సిటిజన్‌షిప్ తెచ్చుకున్నాడు, 1902లో ఈ ఊళ్లోనే పోయాడు. 1935లో అరిజోనా హైవే శాఖ ఈ స్మారకం కట్టించింది. వచ్చిన ఇరవై నాలుగేళ్లకి సిటిజన్‌షిప్ అంటే, ఇప్పటి మన లైనుతో పోలిస్తే ప్రీమియం ప్రాసెసింగే. ఇవన్నీ తెలుసుకుంటే మనసు పాడవుతుంది. రెస్ట్‌రూమ్, చిప్స్, బండి ఎక్కండి.

క్వార్ట్జ్‌సైట్‌లోగానీ, నది ఒడ్డున ఎరెన్‌బర్గ్‌లోగానీ ట్యాంకు నింపొద్దు. కొలరాడో నది దాటగానే గ్యాస్ ధర గ్యాలన్‌కి డాలరు పైన పెరగడం మామూలే. ధర ఎక్కువంటే సరుకు మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు. నది దాటాక కూడా తొందరపడకండి. బ్లైత్ నుంచి ఇండియో దాకా తొంభై మైళ్లకు పైగా ఎడారే, మధ్యలో డెజర్ట్ సెంటర్, చిరియాకో సమ్మిట్ అని రెండు చుక్కల్లాంటి ఊళ్లు. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చినప్పుడు బండిలో తొమ్మిదిమందీ ఒక్కసారిగా దేవుణ్ణి తలుచుకుంటారు. గ్రూపులో ఐకమత్యానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలీదు.

బ్లైత్ దగ్గర కాలిఫోర్నియావాళ్ల వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. పండ్లూ మొక్కలూ ఏమన్నా ఉన్నాయా అని అడుగుతారు. చాలాసార్లు చెయ్యూపి పంపేస్తారు కాబట్టి ధైర్యంగా ఉండండి. చాండ్లర్ ఆంటీ పెరట్లో కోసిచ్చిన నిమ్మకాయలూ, జిప్‌లాక్ కవర్లో కరివేపాకు రెమ్మలూ సీటు కింద దోపి "నో సర్" అనండి. ఆఫీసరు గొడవేమిటంటే, నిమ్మజాతి చెట్ల మీద బతికే సిల్లిడ్ అనే చిన్న పురుగుంది. అది కరివేపాకు మీద కూడా దర్జాగా గుడ్లు పెడుతుంది. ఆ పురుగు మోసుకెళ్లే బ్యాక్టీరియా సోకితే కాయ పచ్చగానే ఉండిపోయి చేదెక్కుతుంది, చెట్టు చచ్చిపోతుంది, మందు లేదు. కాలిఫోర్నియాలో ఆ తెగులు మొదట బయటపడింది 2012లో, లాస్ ఏంజెలస్ కౌంటీలోని ఒక ఇంటి పెరటి చెట్టు మీద. తోటలో కాదు, పెరట్లో. అందుకే వాళ్లకి మన కవర్ మీద అంత అనుమానం. వండిన పులిహోరకి ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఇంటి దగ్గరే కలిపి డబ్బాలో తెచ్చుకుంటే సాహసం ఏముంది? పోపు మోటెల్ గదిలోనే పెట్టాలి.

మోటెల్ అంటే గుర్తొచ్చింది. ఇద్దరికని గది తీసుకుని తొమ్మిదిమంది పడుకోండి. ముందు ఇద్దరు దర్జాగా లోపలికెళ్లాలి, మిగతా ఏడుగురు పావుగంటకొకరు చొప్పున ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడవాలి. రైస్ కుక్కర్ దిండు గలీబులో తీసుకెళ్లండి. ఎండుమిర్చి పోపు సరిగ్గా పొగ అలారం కిందే వేస్తే, గదిలో ఎంతమంది ఉన్నారో మేనేజరుకి మీరు చెప్పనక్కర్లేకుండా ఆయనే పార్కింగులో లెక్కపెట్టుకుంటాడు. ఎక్కువసార్లు ఆయన పటేల్ భాయే అయ్యుంటాడు. అప్పుడు హిందీలో "భయ్యా, అడ్జస్ట్ కరో" అనండి. అదనపు చార్జీ కూడా హిందీలోనే చెప్తాడు.

ఇక హాలీవుడ్. కొండ మీద తెల్లని పెద్ద అక్షరాలున్నాయే, వాటిని దూరంనుంచి చూడటం మర్యాద కాదు, వెళ్లి తాకాలి. చుట్టూ కంచె ఉంటుంది, కెమెరాలుంటాయి, దాటితే జరిమానా ఉంటుంది. అయినా ఫోన్లో మ్యాపు చెప్పినట్టు ఆ సన్నటి సందుల్లోకి బండి పోనివ్వండి, అక్కడి ఇళ్లవాళ్లు మీలాంటివాళ్ల కోసమే కాచుకుని ఉంటారు. 1923లో పెట్టినప్పుడు ఆ అక్షరాలు సినిమా గుర్తేమీ కాదు. 'హాలీవుడ్‌ల్యాండ్' అనే ప్లాట్ల వెంచరు ప్రకటన. శంషాబాద్ రోడ్డు మీద మనవాళ్లు పెట్టే హోర్డింగే, కాస్త పెద్దది. 1949లో 'ల్యాండ్' తీసేశారు, పాడుబడిపోతే 1978లో కొత్తగా కట్టారు. వెంచరు బోర్డుకి ఇంత యోగం పట్టడం మన వైపు ఇంకా చూడలేదు.

కింద రోడ్డు మీద డాల్బీ థియేటర్. 2023 మార్చి 12న కీరవాణి, చంద్రబోస్ 'నాటు నాటు'కి ఆస్కార్ అందుకున్నది ఇక్కడే. పక్కనే 1927 నాటి చైనీస్ థియేటర్. 2023 జనవరిలో అక్కడ 'ట్రిపుల్ ఆర్' వేస్తే, తెలుగు ముక్క రాని జనం తెర ముందుకొచ్చి ఎగిరారు. మీరు లోపలికి వెళ్లకండి, టూర్ తీసుకోకండి. ఫుట్‌పాత్ మీద ఆ స్టెప్పే వేసి, ఫోన్ పట్టుకున్నవాడు "ఇంకొక్కటి బ్రో" అన్నన్నిసార్లూ వేయండి. వెనకాల ఫ్రేములోకి స్పైడర్‌మ్యాన్ ఒకాయన తనంతట తానే వచ్చి నిలబడి, అయ్యాక డబ్బులడుగుతాడు. ఎంతివ్వాలన్న దాని మీద తొమ్మిదిమంది ఓటింగు పెట్టండి. కాళ్ల కింద నక్షత్రాలున్నాయి కదా, వాటిల్లో మైసూరు మావటివాడి కొడుకు సాబూ పేరు కూడా ఉంది. 1937లో 'ఎలిఫెంట్ బాయ్'తో ప్రపంచానికి తెలిసిన కుర్రాడు. ఆ పేరు వెతకడం మొదలుపెడితే మాత్రం రీలు ఆలస్యమవుతుంది.

గ్రిఫిత్ అబ్జర్వేటరీకి టికెట్టు లేదు, 1935 నుంచీ లేదు. ఆకాశం బాగుంటే రాత్రి టెలిస్కోపులోంచి శనిగ్రహాన్నో చంద్రుణ్ణో ఎవరికైనా ఊరికే చూపిస్తారు. మెట్రో స్టేషన్ నుంచి చిన్న బస్సు కూడా నడుస్తుంది. బస్సెక్కడం మన స్థాయికి తగదు. సరిగ్గా సూర్యాస్తమయం వేళకి, ఊరంతా వచ్చే వేళకి, కారులోనే కొండెక్కి పార్కింగు కోసం గంటన్నర తిరగండి. శనిగ్రహం ఎక్కడికీ పోదు. గెట్టీ సెంటర్‌లో వాన్‌గో గీసిన ఐరిస్ పూల బొమ్మ ఉంది, దానికీ టికెట్టు లేదు, పార్కింగుకే డబ్బులు. ఊరికే చూపించేదాంట్లో ఏముంటుంది చెప్పండి.

బండి వదిలి వెళ్లేటప్పుడు తొమ్మిదిమంది పాస్‌పోర్టులూ, ఐ-20లూ, ల్యాప్‌టాప్‌లూ ఒకే బ్యాగులో పెట్టి వెనక సీటు మీద అద్దంలోంచి కనిపించేలా ఉంచండి. ఎవరికి ఏది కావాలన్నా సులువు.

రెండో రోజుకి నా రూట్ మ్యాపు ఇది. పొద్దున మాలిబు గుడి, మధ్యాహ్నం ఆర్టీషియా, సాయంత్రం శాంటా మోనికా. మాలిబు గుడి అన్నా ఉన్నది కలబాసస్ కొండల్లో. వెంకటేశ్వరస్వామి, దక్షిణాది గోపురం, చుట్టూ ఎండిన గడ్డి కొండలు. గుడి నుంచి కొండదారిన దిగితే సముద్రం, ఒడ్డు వెంబడే పోతే శాంటా మోనికా. తెలివిలేనివాళ్లు అలా పోతారు. మీరు యాభై మైళ్లు ఎదురు దిక్కుకి, 405 మీద పాకుతూ ఆర్టీషియా పోవాలి. అక్కడ పయనీర్ బులవార్డ్ నిండా చీరల కొట్లు, నగల కొట్లు, దోశ హోటళ్లు. చాండ్లర్‌లో ఇంటికి రెండు మైళ్లలో దొరికే దోశే, కానీ అంత దూరం వచ్చి, పార్కింగు వెతికి, గంట లైన్లో నిలబడి తిన్నాక "మన దగ్గరే బాగుంటుంది రా" అనుకోవడంలో ఉన్న తృప్తి వేరు. ఆ తర్వాత శాంటా మోనికా చేరేసరికి సముద్రం చప్పుడు మాత్రం వినిపిస్తుంది. డౌన్‌టౌన్ నుంచి బీచ్ దగ్గరిదాకా 2016 నుంచి రైలుందట. ఉంటే ఉండనివ్వండి.

సమయం మిగిలితే శాన్ డియాగో కూడా కలిపేయండి. ఐ-5 మీద దక్షిణానికి పోతుంటే ఇదే అమెరికాలో ఆఖరి ఎగ్జిట్ అని పెద్ద బోర్డొస్తుంది. అప్పుడే ప్లేలిస్టు మార్చాలి. ఆ ఎగ్జిట్ దాటితే తర్వాతి ఊరు టిహువానా, మెక్సికో. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి ఇంతకంటే చవగ్గా దొరికే విదేశీయానం లేదు. తిరిగి రావడమంటారా, ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో ఆ లైన్లో నిలబడి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆదివారం సాయంత్రం చీకటి పడ్డాకే వెనక్కి బయల్దేరండి. దేశమంతా అదే పని మీద ఉంటుంది కాబట్టి తోడు దొరుకుతుంది. డౌన్‌టౌన్ దాటాక ఐ-10 మీద ఎడమ వైపు ఖాళీగా పోతున్న లేన్లు కనిపిస్తాయి. ఫాస్‌ట్రాక్ అని ఏదో రాసి ఉంటుంది, చదవొద్దు, ఎక్కేయండి. వెళ్లేటప్పుడు దొరికిన గంట నది దాటగానే చేజారిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరితే సోమవారం పొద్దున్న క్లాసు అప్పుడప్పుడే నిద్ర పట్టే వేళకి ఉంటుంది.

డబ్బుల లెక్క దారిలో తేల్చొద్దు, స్నేహాలు చెడతాయి. ఇంటికొచ్చాక స్ప్లిట్‌వైజ్‌లో తేల్చండి. ఇద్దరు శాకాహారులు బిర్యానీలో వాటా ఎందుకంటారు, ఒకామె స్పైడర్‌మ్యాన్‌కి ఓటే వేయలేదంటుంది, ఓకే మామా అన్న మనిషి నది ఇవతల కొట్టించిన గ్యాస్‌కే డబ్బులిస్తానంటాడు. అన్నీ తేలి, ఒక్కొక్కరే గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోయాక, అద్దె కంపెనీ నుంచి టోలు నోటీసు, దాని మీద వాళ్ల చార్జీ కలిపి వస్తుంది. అడ్మిన్ కంగారుపడకూడదు. దాన్ని ఫోటో తీసి "అందరూ చూడండి" అని గ్రూపులో పెట్టాలి. అప్పటికి గ్రూపులో ఉండేది అడ్మిన్ ఒక్కడే.