కారు కింద కాళ్ల కోసం వెతికాను

సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకివ్వడం నా వృత్తి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కిందికి దిగి కృష్ణానగర్ సందుల్లోకి వస్తే ఒక వెనక వీధిలో నా షెడ్డు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక విల్లీస్ జీపు ఉన్నాయి. "అరవైల్లో కథ, రెండు బళ్లు కావాలి, పొద్దున్నే ఆరింటికల్లా ఫిల్మ్‌నగర్‌లో ఉండాలి" అని ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేస్తే, రాత్రంతా కూర్చుని బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టి, కార్బొరేటర్లు కడిగి పంపిస్తాను. ఈ పనిలోనే జుట్టు నెరిసింది. కార్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ నమ్మకంతో చేసిన తెలివితక్కువ పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇన్నాళ్లకి కాగితం మీద పెడుతున్నాను.

2020 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో టాటా వాళ్లు సియెరా కాన్సెప్ట్ కారును జనం ముందు పెట్టారు. 1991లో వచ్చిన సియెరా రూపాన్ని తీసుకుని కొత్తగా దిద్దిన బండి అది. పాత సియెరా గుర్తున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వెనక సీటు పక్కన పైకప్పులోకి వంగిన పెద్ద అద్దం, వెనక తలుపుకి తగిలించిన స్టెప్నీ. తొంభైల్లో జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఆ బండి ఎదురైతే నడక ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి. అదే అద్దం మళ్లీ ఫోన్లో కనబడేసరికి ఒళ్లు తెలియలేదు. షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ ఆ ఫొటో చూపించాను. అప్పటికే ఇంటికోసం ఒక బండి చూసిపెట్టుకున్నాం. దాన్ని వద్దనేశాను. "ఎప్పుడొస్తుందండీ అది?" అంది మా ఆవిడ. "చూపించారంటే చేస్తున్నట్టే కదా, వచ్చేస్తుంది" అన్నాను.

చూపించడం వేరు, చేయడం వేరు అని ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలియాలి. కాన్సెప్ట్ కారంటే చాలాసార్లు మట్టితో నమూనా చేసి, దాన్నిబట్టి ఫైబర్ బాడీ తీసి, రంగు కొట్టి లైట్ల కింద నిలబెట్టినదే. లోపల మోటారు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. జనం ఏమంటారో వినడానికి చేసే బండి అది. సియెరా అమ్మకానికి వచ్చింది 2025 నవంబరులో. అయిదు తలుపులతో వచ్చింది. వంగిన అద్దం రాలేదు. ఆ చోట నల్లటి ప్యానెల్ పెట్టి పాత ఆకారం గుర్తొచ్చేట్టు చేశారు. మంచి బండే, నేను తప్పుపట్టను. అయిదేళ్లు ఇంటిల్లిపాదినీ అద్దె ఆటోల్లో తిప్పింది టాటా వాళ్లు కాదు, నేను.

ఈ అయిదేళ్ల మధ్యలోనే 2024 మే నెల వచ్చింది. 'కల్కి 2898 ఏడీ' సినిమా కోసం తయారైన బుజ్జి అనే బండిని మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో అభిమానుల ముందుకు తెస్తున్నారని ఫిల్మ్‌నగర్ అంతా ఒకటే మాట. మా అక్క కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. కార్ల పిచ్చి వాడికి నా దగ్గర్నుంచే అంటింది. "మామయ్యా, వెళ్దాం రా. నువ్వుంటే నాకన్నీ అర్థమయ్యేట్టు చెబుతావు" అని బతిమాలాడు. "ఏముందిరా అందులో? కింద ట్రాక్టర్ ఛాసిస్ పెట్టి పైన ఫైబర్ తొడిగుంటారు. మిగతాదంతా గ్రాఫిక్స్" అన్నాను. మెకానిక్కులందరూ ఉండగా అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. అయినా స్నేహితులతో కలిసి హయత్‌నగర్ దాటి వెళ్లి చూసొచ్చాడు. రాత్రి నాకొక వీడియో పంపాడు.

ఆ వీడియో ఎలా చూశానో చెప్పాలంటే ముందు మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. పాత బండి షాట్ సమయానికి స్టార్ట్ కాకపోవడం మామూలే. అప్పుడు నలుగురు కుర్రాళ్లు వెనక వంగి బండిని ఫ్రేములోకి తోస్తారు. హీరో స్టీరింగ్ తిప్పుతుంటాడు, ఇంజిన్ శబ్దం తర్వాత డబ్బింగులో వేస్తారు. కెమెరా నేలబారుగా పెడితే మాత్రం చిక్కు. కారు కింద నుంచి తోసేవాళ్ల కాళ్లు కనబడతాయి. "కాళ్లు కాళ్లు" అని అసోసియేట్ డైరెక్టర్ అరుస్తాడు, మళ్లీ వెనక్కి లాగుతారు. కెమెరా వైపు ఒక్క పక్కే రంగు కొట్టిన బళ్లు కూడా నేను పంపాను. మా లెక్కలో కారంటే తెరమీద కనబడినంతే.

ఆ అలవాటుతోనే మొదటిసారి వీడియో చూసినప్పుడు నేను బుజ్జిని చూడలేదు. బుజ్జి కింద కాళ్ల కోసం చూశాను. కాళ్లు లేవు. లాగే తాడు లేదు. హీరో ప్రభాస్ లోపల కూర్చుని నడుపుకుంటూ జనం మధ్యకి తీసుకొచ్చాడు. ముందున్న రెండు పెద్ద చక్రాలు మలుపు తిరిగాయి, గోళంలా ఉన్న ఒకే ఒక్క వెనక చక్రం వాటి వెంట దొర్లుకుంటూ వచ్చింది. ఇంజిన్ మోత లేదు, కరెంటు బండి. వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూశాను. ఆ రాత్రి చాలాసేపు అదే చూశాను.

తర్వాత దాని వివరాలు ఒక్కొక్కటే చదువుతుంటే తల దించుకోవాల్సి వచ్చింది. బరువు ఆరు టన్నులు. అంటే మన అంబాసిడర్లు సుమారు అయిదు. పొడవు 6,075 మిల్లీమీటర్లు. వెడల్పు 3,380 మిల్లీమీటర్లు, అంబాసిడర్ వెడల్పుకి రెట్టింపు. లోపల 47 కిలోవాట్ అవర్ బ్యాటరీ, మహీంద్రా మోటార్లు రెండు, శక్తి 94 కిలోవాట్లు. చక్రం రిమ్ము 34.5 అంగుళాలు. ఆ సైజు టైరు ఏ షాపులోనూ దొరకదు, సియట్ వాళ్లు ప్రత్యేకంగా చేసిచ్చారు. 2022 మార్చిలో దర్శకుడు నాగ్ అశ్విన్ ట్విట్టర్లో ఆనంద్ మహీంద్రాని బాహాటంగా సాయం అడిగాడు. చెన్నై దగ్గరున్న మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ ఇంజినీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి బండిని నిలబెట్టారు. కార్లన్నా రేసులన్నా ప్రాణమిచ్చే నాగ చైతన్య కూడా నడిపి చూశాడు. బుజ్జికి గొంతిచ్చింది కీర్తి సురేశ్, అదే దర్శకుడి 'మహానటి'లో సావిత్రిగా వేసినామె. సావిత్రికి కార్లంటే ఎంత ఇష్టమో పాతవాళ్లందరికీ తెలుసు. ఈ సంగతి నాకెందుకో చాలా నచ్చింది.

ఇంజినీర్ల దగ్గరికెళ్లి చేయి చాచి అడగాలన్న ఆలోచన ఇన్నేళ్లలో నాకు రాలేదు. ఒక సినిమా బండి రోడ్డు మీద బండిలా నడవాలని పట్టుబట్టొచ్చని కూడా అనుకోలేదు. సియెరా పాతగా కనబడింది కాబట్టి కళ్లు మూసుకుని నమ్మాను. బుజ్జి నేనెరిగిన ఏ కారులానూ లేదు కాబట్టి డమ్మీ అన్నాను. పైతొడుగు చూసి తీర్పు చెప్పాను. పైతొడుగుని అద్దెకిచ్చి బతికే మనిషిని, నేనే అలా చెప్పాను.

ఇంతవరకూ చెప్పినవి చిన్నవి. అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం ఒక సినిమాకి జమీందారు ఎక్కే ఓపెన్ కారు కావాల్సొచ్చింది. ముప్పైల నాటి బండి. అలాంటివి ఉన్నవాళ్లు షూటింగులకివ్వరు, ఇచ్చినా అంత అద్దె ఆ నిర్మాత భరించలేడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే టింకరింగ్ మేస్త్రీ ఒకాయన, "ఛాసిస్ ఒకటి ఇప్పించండి, నేను కడతా" అన్నాడు. యాక్సిడెంట్ అయిన ఒక బండి ఛాసిస్ నేనే తెచ్చిచ్చాను. ఆయన దగ్గరున్నది పాత పత్రికలోంచి చింపిన ఒక్క ఫొటో. డ్రాయింగ్ లేదు, కొలతల్లేవు. ఇసుక సంచి మీద రేకు పెట్టి, కొయ్య సుత్తితో కొట్టి కొట్టి నాలుగు మడ్‌గార్డుల వంపు తీశాడు. ఇత్తడి గిన్నెలు కోసి హెడ్‌లైట్ల డోములు చేశాడు. బానెట్ మధ్యలో బందులు వేసి రెండువైపులా తెరుచుకునేట్టు పెట్టి, తోలు పటకాలతో బిగించాడు. ముందు జాలీకి సన్నటి ఇనుప చువ్వలు ఒక్కోటీ వెల్డింగ్ చేశాడు. అన్నీ అయ్యాక తలుపు మూసి, చెవి దగ్గర పెట్టి మళ్లీ తెరిచి మూసేవాడు. పాత కార్ల తలుపు మూసినప్పుడొచ్చే బరువైన చప్పుడు రావాలని లోపల చెక్క దట్టించాడు. ఆ చప్పుడు ఏ సినిమాలోనూ వినబడదు. డబ్బింగులో వేరే చప్పుడు వేస్తారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ బండి నడిచింది. హీరో స్వయంగా నడిపాడు. షూటింగ్ అయ్యాక నాకు రావాల్సిన బాకీ కింద నిర్మాత ఆ బండే ఇచ్చేశాడు. షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కప్పి ఉంచాను. ఆ రకం పీరియడ్ సినిమాలు మళ్లీ పెద్దగా రాలేదు. నాకు కాంటెసా ఒకటి దొరికింది, పెట్టడానికి చోటు కావాలి. అంబాసిడర్లలో ఒకదాన్ని అమ్మొచ్చు. "అవి అసలు బళ్లు, ఇది డమ్మీ" అనుకున్నాను. పాత ఇనుము వాణ్ణి పిలిచి కిలోల లెక్కన ఇచ్చేశాను. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోసి ట్రాలీలో వేసుకెళ్లారు. ఇత్తడి డోములకు వేరే ధర కట్టారు.

కొన్నాళ్లకి మేస్త్రీ షెడ్డుకొచ్చాడు. చుట్టూ చూసి, "బాబూ, మన బండేదీ?" అన్నాడు. "తుక్కుకిచ్చేశా మేస్త్రీ. డమ్మీ బండే కదా" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నడిచింది కద బాబూ" అన్నాడు. టీ తెప్పిస్తే తాగకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడాయన లేడు. బుజ్జి వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి ఆ మాటే కారణం.

ఆయన కట్టింది కాన్సెప్ట్ కారే. పాత రూపాన్ని కొత్తగా, చేత్తో, ఒకే ఒక్కటిగా కట్టి, జనానికి చూపించడానికి నడిపిన బండి. ప్రపంచంలో మొదటి కాన్సెప్ట్ కారుగా చెప్పే బ్యూక్ వై-జాబ్ 1938 నాటిది. దాన్ని రూపుదిద్దిన హార్లీ ఎర్ల్ సొంత బండిలా రోజూ నడిపాడు. జనరల్ మోటార్స్ వాళ్లు ఇప్పటికీ దాన్ని భద్రంగా ఉంచుకున్నారు. 1955 నాటి లింకన్ ఫ్యూచురా కాన్సెప్ట్ కారుని ఇటలీలో ఘియా కార్ఖానా వాళ్లు చేత్తో చేశారు. దాని పని అయిపోయాక జార్జ్ బారిస్ ఒక్క డాలరుకి సంపాదించుకుని, 1966లో వచ్చిన టీవీ సీరియల్‌కి బ్యాట్‌మన్ కారుగా మార్చాడు. 2013లో అది వేలంలో నలభై లక్షల డాలర్లు దాటి పలికింది. ఒక్క డాలరు పలికిన రోజున దాన్ని కూడా తుక్కుకి పంపి ఉండొచ్చు. బారిస్ పంపలేదు. నేను పంపాను.

అమెరికా దాకా ఎందుకు, మన బహదూర్‌పురాలోనే సుధా కార్స్ మ్యూజియం ఉంది. సుధాకర్ యాదవ్ గారు తుక్కు సామానుతో బూటు ఆకారంలో, వంకాయ ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో కార్లు కట్టి, 2010లో జనానికి తెరిచారు. అవన్నీ నడిచే బళ్లే. ఒకప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి, బయటికొచ్చాక "పిల్లల ఆట" అని నేనే కొట్టిపారేశాను. ఆయన తుక్కులోంచి కార్లు తీశాడు. నేను కారుని తుక్కులో కలిపాను.

మా అక్క కొడుకుని షెడ్డుకి పిలిచి, మెకానిక్కులందరూ ఉండగానే "నువ్వన్నదే నిజంరా, నేను తప్పు మాట్లాడాను" అని చెప్పాను. ఆదివారాలు ఇప్పుడు వాడు షెడ్డుకొస్తున్నాడు. నా దగ్గరున్న ప్రతి బండికీ ఒక పుస్తకం పెట్టించాడు. ఏ సినిమాలో ఏ సీన్లో వాడారు, ఎవరు నడిపారు, టింకరింగ్ ఎవరు చేశారు అని రాస్తున్నాడు. మేస్త్రీ బండికీ ఒక పేజీ తెరిచాడు. రాయడానికి నా జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. ఒక్క ఫొటో కూడా తీసిపెట్టుకోలేదు.

మద్రాసు నుంచి మన పరిశ్రమ ఈ కొండల మీదికి వచ్చి, అన్నపూర్ణ, రామానాయుడు, పద్మాలయ స్టూడియోలు లేచి ఎన్నో దశాబ్దాలయింది. ఇన్నేళ్లలో ఈ చుట్టుపక్కల షెడ్లలో ఎన్ని బళ్లు కట్టి ఉంటారో, ఎన్ని కోసేసి ఉంటారో. ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ ఉంది, కల్చరల్ సెంటర్ ఉంది. సినిమా కోసం కట్టిన బళ్లకి ఒక షెడ్డు వేసి, టికెట్టు పెట్టి అయినా సరే, జనానికి చూపించమని పెద్దల్ని అడుగుతున్నాను. బుజ్జిలాంటిది అందులో ముందు వరసలో నిలబడాలి. ఆర్ట్ డైరెక్టర్లకి, ప్రొడక్షన్ వాళ్లకి, నాలాంటి బళ్ల వాళ్లకి ఒక్క మనవి. సెట్ కోసం కట్టిన బండి ఏదైనా మీ దగ్గరుంటే పాత ఇనుము వాణ్ణి పిలవకముందు దాని ఫొటోలు తీయండి, కట్టిన మేస్త్రీ పేరు దాని ఛాసిస్ మీద పెయింటుతో రాయండి. ఉంచుకోవడానికి చోటు లేకపోతే కృష్ణానగర్‌కి పంపండి. కాంటెసా అమ్మేశాను, చోటుంది.