గుండె లయ తప్పిందని వాచీ చెప్పిందా? ఆరు చిట్కాలు

దడ లేదు, ఆయాసం లేదు. అయినా చేతి వాచీయో, ఛాతీలోని పేస్‌మేకరో ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అని పట్టేసింది. కంగారు పడకండి. ఈ ఆరూ పాటిస్తే గుండె డాక్టరు గడప తొక్కకుండా నేరుగా పక్షవాతం వార్డుకు చేరుకోవచ్చు.

1. వాచీని బీరువాలో పెట్టండి. ఎవరైనా అడిగితే ఛార్జర్ పోయిందనండి. చూసేవాడు లేకపోతే జబ్బు లేనట్టే.

2. ఆస్పత్రి ఈసీజీ పది సెకన్లే తీస్తుంది. ఈ లయ వచ్చిపోయేది. ఆ పది సెకన్లు సవ్యంగా గడిస్తే చాలు, ఆ కాగితం ఊరంతా చూపించండి. 24 గంటలూ గుండె లయను రాసుకునే హోల్టర్ యంత్రం పెడతామంటే స్నానం కుదరదని తప్పించుకోండి.

3. పేస్‌మేకర్ చెకప్ ఎగ్గొట్టండి. లయ ఎన్ని నిమిషాలు తప్పింది, 24 గంటలు దాటిందా అన్న లెక్కంతా అందులోనే ఉంటుంది. డాక్టరు చికిత్స తేల్చేది దాన్ని చూసే. ఈ నెల పెళ్లిళ్లు, వచ్చే నెల ఆషాఢం. సాకులకు కరువేముంది?

4. పక్షవాతం ముప్పు ఎంతో తేల్చడానికి డాక్టరు మార్కులు వేస్తాడు: 75 ఏళ్లు నిండితే 2, పాత పక్షవాతానికి 2, బీపీకి 1, షుగరుకు 1. ఆధార్‌లో వయసు తప్పు పడిందనండి. షుగరు బోర్డర్‌లోనే ఉందనండి. మార్కులు తగ్గితే మందూ తప్పుతుంది.

5. అయినా రక్తం పలచబడే మాత్ర రాశాడా? అపిక్సబాన్ రోజుకు రెండు పూటలు. రాత్రిది మానేయండి, ఖర్చు సగం మిగులుతుంది. వార్ఫరిన్ అయితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష మానేయండి. అది 2, 3 మధ్య ఉండాలన్న బెంగ మీకెందుకు? రెండూ దండగనిపిస్తే పక్కింటాయన ఆస్పిరిన్ అడిగి వేసుకోండి. రక్తం గడ్డ కట్టకుండా ఆపడంలో అది వాటికి సాటి రాదు, మనకు కావలసిందీ అదే.

6. గుండె ఎడమ పై గదికి చిన్న సంచి ఉంటుంది. లయ తప్పితే రక్తం అందులో నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరిన రోజు మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది. 108కి ఫోన్ చేయనివ్వకండి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. గాలి సోకిందని చెప్పించి, అంతసేపూ దుప్పటి కప్పుకుని పడుకోండి.

ఇక మీరు గెలిచినట్టే. చెకప్‌కు ఎందుకు రాలేదని ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. నిలదీసినా సాకు వెతుక్కోనక్కర్లేదు, చెప్పడానికి మాట రాదు.