పాత డెస్క్‌టాప్‌పై 4కె మిక్సింగ్: పని తప్పించుకునే ఎనిమిది చిట్కాలు

ఆడలేక మద్దెల ఓడు అంటారని భయపడకండి. మద్దెల నిజంగానే ఓడైతే ఎవరూ నోరెత్తరు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవారికి ఆ మద్దెల టేబుల్ కిందున్న పాత డెస్క్‌టాప్. 2012 నాటి థర్డ్ జనరేషన్ ఐ5, హెచ్61 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయా? మీరు అదృష్టవంతులు. ఇప్పుడు పెళ్లిళ్లు 4కెలో తీస్తున్నారు. ఒక్కో ఫ్రేములో 3840 అడ్డంగా, 2160 నిలువుగా పిక్సెళ్లు, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. అప్‌గ్రేడ్ ఈ కింది పద్ధతిలో చేయండి. డబ్బు ఖర్చవుతుంది, పని తప్పుతుంది.

1. జబ్బేమిటో కనిపెట్టకండి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ర్యామ్ నిండిందో, ప్రాసెసర్ నూటికి నూరు మీద ఉందో, హార్డ్‌డిస్క్ ఈడుస్తోందో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. తెలిస్తే మార్చాలి, మారిస్తే పని మొదలుపెట్టాలి. అందుకని నేరుగా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి బయల్దేరి షాపు షాపుకీ కొటేషన్ అడగండి. “సిస్టమ్ పని మీదే తిరుగుతున్నా సార్” అని కస్టమర్‌కి చెప్పండి. అబద్ధం కూడా కాదు.

2. అడ్వాన్సంతా గ్రాఫిక్స్ కార్డు మీద పోయండి. ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది తీసుకోండి. అదొక్కటే 170 వాట్లు లాగుతుంది, 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీ చెబుతుంది. వినకండి. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని స్టిక్కరుంది కదా, చాలు. కార్డుకి కావలసిన 8 పిన్ వైరు అందులో ఉండదు. హార్డ్‌డిస్కు వైరుకి కన్వర్టర్ తగిలించి కానిచ్చేయండి. ఎక్స్‌పోర్ట్ 90 శాతానికి రాగానే స్క్రీన్ నల్లబడుతుంది. ఆ నల్లటి స్క్రీన్‌ని ఫొటో తీసి కస్టమర్‌కి వాట్సాప్ చేయండి. ఇంతకు మించిన సాక్ష్యం ఎవరూ అడగరు.

3. కొన్న కార్డుకి పని చెప్పకండి. ప్రీమియర్ ప్రో ప్రాజెక్ట్ సెట్టింగుల్లో రెండరర్ దగ్గర ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ పెట్టండి. కార్డు కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది, ప్రాసెసర్ చెమటోడుస్తుంది. కెమెరాలిచ్చే 10 బిట్ హెచ్‌ఈవీసీ ఫైళ్లను హార్డ్‌వేర్‌తో పూర్తిగా విప్పడం ఇంటెల్‌కి ఏడో జనరేషన్‌లో గానీ రాలేదు. మీది మూడోది.

4. ర్యామ్ కొనేముందు ఏమీ చదవకండి. చదివితే హెచ్61లో రెండే స్లాట్లనీ, 16 జీబీ దాటదనీ తెలిసిపోతుంది. డీడీఆర్4 స్టిక్ పట్టుకురండి. మీ బోర్డు డీడీఆర్3ది. స్టిక్ అంచున గాటు వేరేచోట ఉంటుంది కాబట్టి స్లాటులో దిగదు. బొటనవేళ్లు రెండూ ఆనించి గట్టిగా నొక్కండి. టక్కుమన్నది ర్యామో స్లాటో తర్వాత తేల్చుకోవచ్చు.

5. ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ ఒక్కటే వేయండి. సిస్టమ్ చిటికెలో ఆన్ అవుతుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఫుటేజీ మాత్రం ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంచి, ముందువైపు యూఎస్‌బీ 2.0 పోర్టుకి తగిలించండి. సెకనుకి 100 మెగాబిట్ల 4కె అంటే ఒక్కో కెమెరాకి 12.5 మెగాబైట్లు, మూడు కెమెరాలకి 37.5. ఆ పోర్టు నిజంగా ఇచ్చేది ముప్పై నలభై మధ్యే. పెళ్లికొడుకు దోసిలెత్తి ఆగిపోతాడు. మీరు టీ తాగి వచ్చేసరికి తలంబ్రాలు పెళ్లికూతురి నెత్తిన పడుతుంటాయి.

6. ప్రాక్సీల జోలికి అస్సలు పోకండి. రాత్రి పడుకునే ముందు 4కె ఫైళ్లన్నిటికీ చిన్న సైజు నకళ్లు తయారుచేయమని పెడితే, పొద్దున్నుంచి ఈ పాత సిస్టమ్‌లోనే కటింగ్ సాఫీగా సాగిపోతుంది. చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. పైసా ఖర్చుండదు, సాకూ ఉండదు. ఈ సంగతి అసిస్టెంట్ కుర్రాడి చెవిన పడనివ్వకండి.

7. దుమ్ము దులపకండి. థర్మల్ పేస్ట్ ఎండి పొడైనా కదపకండి, క్యాబినెట్‌ని గోడకి ఆనించండి. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పని ఎగ్గొట్టడంలో మీకే పాఠాలు చెప్పగలదు. ఎవరైనా వస్తే సైడు ప్యానెల్ ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. పెద్ద రిపేరు జరుగుతున్నట్టు కనిపిస్తుంది.

8. ఒక్క కాపీ చాలు. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే పాట పెట్టుకోండి. వచ్చే ముహూర్తానికి మెమరీ కార్డులన్నీ ఫార్మాట్ చేసేయండి. పెళ్లికూతురి నాన్నగారు “ఏం బాబూ, వీడియో ఎంతవరకూ వచ్చింది?” అంటే “రెండరింగ్‌లో ఉందంకుల్” అనండి. పెళ్లి శ్రావణంలో అయితే దసరాకి “డ్రైవర్ అప్‌డేట్ అవుతోందంకుల్”, సంక్రాంతికి “మదర్‌బోర్డు సర్వీసుకిచ్చామంకుల్”. ఈలోగా డిస్కు శాశ్వతంగా నోరు మూస్తుంది. కట్ చేయడానికి ఫుటేజీ లేదు, ఎక్స్‌పోర్ట్ చేయడానికి టైమ్‌లైన్ లేదు. చేతికి మట్టంటకుండా మిక్సింగ్ పూర్తయింది! గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఖాళీగానే ఉంది, ఇక హాయిగా గేములాడుకోండి.