బీరువాకు జోహార్లు

మన సర్కారు బడుల్లో కథల పుస్తకాలకున్న భద్రత బ్యాంకు లాకర్లో బంగారానికి కూడా లేదు. స్టాఫ్ రూములో ఓ మూల ఇనుప బీరువా, దానికో తాళం, తాళంచెవి ఇన్‌ఛార్జి సారు దగ్గర. పాపం, ఆయన్ననీ లాభం లేదు. స్టాక్ రిజిస్టరులో ప్రతి పుస్తకానికీ ఓ నంబరు, ఓ ధర. ఒక్కటి తగ్గినా బదిలీ అయిననాడు జేబులోంచి కట్టాల్సింది ఆయనే. పిల్లలు చదివితే పుస్తకం నలుగుతుంది, చిరుగుతుంది, పోతుంది. చెదలు తింటే అది దైవఘటన, ఎవరూ కట్టక్కర్లేదు. అందుకే మన బడుల్లో అందరికంటే ఎక్కువ చదివింది చెదలే.

ఆళ్లగడ్డ శిల్పుల ఇంట్లో కుర్రాడి చేతికి ఉలి ఇస్తారు. దెబ్బ తప్పితే దేవుడి ముక్కే ఎగిరిపోతుందని తెలిసీ ఇస్తారు. అదే కుర్రాడి చేతికి బడిలో కథల పుస్తకం ఇవ్వడానికి మాత్రం మనకు ధైర్యం చాలదు.

2020లో ప్రభుత్వం ‘చదవడం మాకిష్టం’ అని ఓ కార్యక్రమం పెట్టింది. బ్యానరు కట్టి, పిల్లల చేతుల్లో తలా ఓ పుస్తకం పెట్టి, ఫొటో తీసి గ్రూపులో పడేసి, పుస్తకాలు లెక్కపెట్టి మళ్లీ లోపల పెట్టుకోని బడి ఏదైనా ఉంటే చెప్పండి, దండేసి వస్తాను.

అయినా పదమూడేళ్లు దాటిన పిల్లలు ఏం చదవాలో మనకు తెలియదా? గైడు! ఏళ్ల తరబడి పదో తరగతి తెలుగు ఉపవాచకం రామాయణం. అంత కథనూ నాలుగు వాక్యాలకు కుదించి, తారుమారు చేసి, సంఘటనల క్రమంలో పెట్టమంటారు. సీతమ్మ ఎందుకేడ్చిందో తెలియకపోయినా ఫర్వాలేదు. హనుమంతుడు సముద్రం దాటకముందా, దాటాకా అన్నది తెలిస్తే మార్కులు పడతాయి.

ఇక ఆడపిల్లల సంగతి. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో సీడు పత్తికి క్రాసింగు మొదలైతే తొమ్మిదో తరగతి పిల్ల బడి మానేసి చేలో ఉంటుంది. సాయంత్రం మొగ్గ విప్పి మగభాగం గిల్లేస్తుంది. తెల్లారి ఇంకో రకం చెట్టు పువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దుతుంది. ఆ చేత్తోనే పుస్తకం పట్టుకుని బడికొస్తే, సైన్సు సారు ప్రత్యుత్పత్తి పాఠం దగ్గర గొంతు సవరించుకుని, “ఇది ఇంటికాడ చదువుకోండమ్మా” అంటాడు. ఆమె సంచిలో ప్రేమ నవల కనబడితే పిల్ల చెడిపోయిందని ఊరంతా గుండెలు బాదుకుంటుంది. పదిహేనేళ్లకే మేనమామకిచ్చి పెళ్లి చేస్తే మాత్రం చెడిపోదు!

ఈ వయసు పిల్లలకు తెలుగులో పుస్తకాలెక్కడున్నాయని పెద్దమనుషులు దీర్ఘం తీస్తారు. అమెరికావాళ్లు ‘యంగ్ అడల్ట్’ అని అర కట్టి అమ్ముకుంటున్నారు. మనకు అర లేదు గానీ సరుకుంది. నామిని కతల్లోని సినబ్బ ఉన్నాడు, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఉన్నాయి, సోమరాజు సుశీల ఇల్లేరమ్మ ఉంది. పక్కనున్న కడప జిల్లా రచయిత డి.కె.చదువులబాబు ‘వజ్రాల వాన’కు 2023లో కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారమే వచ్చింది. తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతుకుతారు. ఈ వజ్రాల కోసం బీరువా తెరిచి వెతికేవాడు లేడు.

డబ్బుల్లేవా అంటే, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. వసూలు చేసే స్థానిక సంస్థలకు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయడం మాత్రం గుర్తుండదు. బకాయిల జాబితా ఒక్కటే ఏటేటా లావెక్కుతోంది.

మొండిగా ఏ కొత్త టీచరమ్మో సినబ్బను తరగతిలో చదివి వినిపించిందే అనుకోండి. వెనక బెంచీ వాడు కూడా ఫోను మరిచి పగలబడి నవ్వుతాడు. ఆ నవ్వు విని హెడ్‌మాస్టరు రానే వస్తాడు. గుమ్మంలో నిలబడి రెండు పేజీలు వింటాడు, తనూ నవ్వుతాడు. ఆనక టీచరమ్మను పక్కకు పిలిచి, “కత శానా బాగుందమ్మా. ఇందులోంచి బిట్లు ఎన్నొస్తాయి?” అని అడుగుతాడు.