రాజుగారికి పాట లేదు

పేకాటకు పాటుంది. కులగోత్రాలు (1962) సినిమాకి కొసరాజు రాసిచ్చారు. చేతిలో డబ్బంతా ఊడ్చిపెట్టుకుపోయినవాళ్ళ ఏడుపుని అరవై ఏళ్ళుగా మనం పిక్నిక్కుల్లో చప్పట్లు కొట్టి మరీ పాడుకుంటున్నాం. చదరంగానికి మాత్రం అలాంటి యోగం పట్టలేదు.

పేరుకైతే అందరికీ కావాలి. ఎస్వీ రంగారావు మొదటిసారి మెగాఫోన్ పట్టి తీసిన సినిమా పేరు చదరంగం (1967). చంద్రశేఖర్ ఏలేటి ‘చెక్’ (2021)లో హీరో జైల్లో కూర్చుని ఎత్తులు నేర్చుకుంటాడు. సరే, ఈ ఆట మీద ఎవరైనా ఒక్క పల్లవి అందుకుంటారేమోనని రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంటంతా వాకబు చేశాను. వాచ్‌మన్‌తో సహా అందరూ తల గోక్కున్నారు. మన కవులు కూడా జీవితం చదరంగమనీ మనుషులు పావులనీ మొహమాటానికి ఓ మాట అనేసి, వెంటనే విధిని తిట్టడంలో పడిపోతారు. గుర్రం ఎటు దూకిందో చెప్పరు.

వాళ్ళని అని లాభం లేదు. పేకాటలో ఓడినవాడు ముక్కలు విసిరికొడతాడు, పెళ్ళాం పుస్తెల వంక చూస్తాడు, ఎదుటివాణ్ణి దొంగంటాడు. పాటకు ఇంకేం కావాలి? చదరంగంలో ఒకాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటాడు. ఇరవై నిమిషాల తర్వాత రెండో ఆయన కూడా పెట్టుకుంటాడు. ఇందులో డ్యాన్స్ మాస్టారు స్టెప్పు ఎక్కణ్ణుంచి తేవాలి?

పైగా పాటకీ ఈ ఆటకీ పడదని మా పేటలో చిన్నప్పుడే రుజువైంది. దూరదర్శన్ స్టూడియో మాకు నడిచే దూరం. చిత్రలహరి పాటలు మా పక్క నుంచే ఆకాశానికెక్కి మళ్ళీ మా యాంటెన్నాకే దిగేవి. శుక్రవారం సాయంత్రం అది మొదలవగానే మా నాన్న, పక్కింటి మాస్టారు అరుగు మీద ఆటని ఉన్నపళంగా వదిలేసి లోపలికొచ్చేవారు. అయిపోయాక వెళ్ళి చూస్తే మాస్టారి ఏనుగు కదలకూడని చోటికి కదిలి ఉండేది. “పిల్లలు తగిలించి ఉంటారండీ” అనేవారాయన. పిల్లలమంతా టీవీకి అతుక్కుని ఉన్నాం. మధ్యలో మంచినీళ్ళకని లేచింది ఆయనొక్కరే. నాన్న మర్యాదస్తుడు. “గాలికేమోలెండి” అని ఓడిపోయేవాడు.

బయటి దేశాలవాళ్ళు చదరంగానికి పాట కట్టే పని ఎప్పుడో చేసేశారు. అబ్బా బృందంలోని బెన్నీ, బ్యోర్న్, వాళ్ళతో టిమ్ రైస్ కలిసి 1984లో ‘చెస్’ అనే సంగీత నాటకం పాటలు విడుదల చేశారు. అందులో ‘వన్ నైట్ ఇన్ బ్యాంకాక్’ ప్రపంచమంతా మోగింది. అందులో ఆటగాడికి ఊరి సోకులేవీ ఆనవు, బల్ల ఒక్కటి చాలు. థాయిలాండ్‌వాళ్ళకి ఒళ్ళు మండి రేడియోల్లో నిషేధించారు. పక్కనున్న తమిళులు కూడా ఊరుకోలేదు. 2022లో చెన్నైలో ఒలింపియాడ్ జరిగితే రెహమాన్ చేత స్వాగతగీతం కట్టించారు. నేపియర్ వంతెనకి నలుపు తెలుపు గళ్ళు వేశారు. గుర్రానికి పంచె కట్టి తంబి అని పేరు పెట్టారు.

మనకేం తక్కువ? హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక వచ్చారు. వరంగల్ అర్జున్ 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801 దగ్గర నిలబడ్డాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనే. సరుకంతా మనది, సంగీతం పొరుగువాళ్ళది.

అయిదొందల ఏళ్ళ కిందట నయం. బొడ్డుచెర్ల తిమ్మన కృష్ణదేవరాయలతో చదరంగమాడి ఎప్పుడూ గెలిచేవాడట. అవతల వందమంది ఒక్కటైనా సరే గెలుపు తిమ్మనదేనని ఓ చాటువు, కందపద్యం, ఇప్పటికీ బతికుంది. కొప్పోలు గ్రామం కూడా దక్కిందంటారు. రాజు ఓడిపోయి ఊరు రాసివ్వడం, దాని మీద పద్యం పుట్టడం: మనకి దొరికిన చదరంగం హిట్టు అదొక్కటే. అందులోనూ ఎత్తుల ఊసు లేదు.

మొన్న వినాయక చవితికి మా కాలనీ కమిటీ మండపం పక్కనే చిన్నపిల్లలకి చెస్ పోటీ పెట్టింది. బాక్సుల్లో తీన్మార్ దద్దరిల్లుతోంది. దెబ్బకి బంట్లు బల్ల మీద వాటంతటవే జరుగుతున్నాయి. మా మాస్టారు బతికుంటే ఎంత సంతోషించేవారో! సెక్రటరీ గారు డీజే కుర్రాడి దగ్గరికెళ్ళి, “అరే, జర సౌండ్ తగ్గియ్, పిల్లలు ఆడుతుండ్రు” అని బతిమాలారు. “చెస్ పాటేదన్నా ఉంటె చెప్పుండ్రి సార్, గదే ఏస్త” అన్నాడు వాడు. నేను ఫోన్లో బ్యాంకాక్ వెతికి చూపించాను. వాడు దాని కింద డప్పు దరువు కలిపాడు. అంతే, అంపైర్లుగా కూర్చోబెట్టిన పెద్దమనుషులు ముగ్గురూ లేచి ఆడడం మొదలెట్టారు.

ఇలా కాదని నేనే వెళ్ళి మీట నొక్కబోతుంటే, రెండో బల్ల దగ్గర రెండు జడల పిల్ల నా చొక్కా పట్టి లాగింది.

“ఆపకున్రి అంకుల్. పాట ఆగితే వాడు ఆలోచిస్తడు.”